శ్రీబాగ్ గృహస్థు - కాశీనాథుని నాగేశ్వరరావు

నలుగురు కలిసి ఒక నిర్ణయం తీసుకోవలసి వచ్చినప్పుడు లోకంలో రెండు మార్గాలు కనిపిస్తాయి. చేతులెత్తించి లెక్కపెట్టి, ఎక్కువమంది కోరిన దానికి తక్కినవారిని కట్టుబడి ఉండమనడం మొదటి మార్గం. ప్రతి పక్షమూ తన అవసరాన్నీ తన భయాన్నీ చెప్పుకొన్న తరువాత, అందరూ సమ్మతించగల మాట దొరికేవరకు ఓర్పుతో చర్చించడం రెండవ మార్గం. మొదటిది త్వరగా ముగుస్తుంది. రెండవది ఆలస్యమవుతుంది, ఒక్కొక్కసారి ఏళ్లు పడుతుంది. అయితే సంఖ్యాబలం లేనివారు కూడా ఆ నిర్ణయాన్ని తమదిగా భావించగలుగుతారు. పల్లెలలో రచ్చబండ మీద పెద్దలు తగవు తీర్చేటప్పుడు ఉభయపక్షాలనూ ఒప్పించి పంపాలని ప్రయత్నించేది ఇందుకే.

తెలుగువారి రాజకీయ చరిత్రలో ఈ రెండవ మార్గానికి ప్రసిద్ధమైన ఉదాహరణ శ్రీబాగ్ ఒడంబడిక. 1937 నవంబరు 16న మద్రాసు మైలాపూరులోని ఒక ఇంటిలో కోస్తా నాయకులూ రాయలసీమ నాయకులూ కూర్చుని, ప్రత్యేకాంధ్ర రాష్ట్రం ఏ నియమాలపై ఏర్పడాలో ఒక అంగీకారానికి వచ్చారు. ఆ ఇంటి పేరు శ్రీబాగ్. దాని యజమాని కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు. అప్పటికి ఆయన వయస్సు 70 సంవత్సరాలు.

నాగేశ్వరరావు 1867 మే 1న కృష్ణా జిల్లా ఎలకుర్రు గ్రామంలో జన్మించారు. తల్లిదండ్రులు శ్యామలాంబ, బుచ్చయ్య. ఆయన పుట్టడానికి పన్నెండేళ్ల ముందే, 1855లో, బెజవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట పూర్తయింది. కాలువ నీటితో పచ్చబడుతున్న డెల్టా పల్లెలలో ఆయన బాల్యం గడిచింది. మచిలీపట్నంలో ఉన్నత పాఠశాల విద్య ముగించి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి 1891లో పట్టభద్రులయ్యారు. కందుకూరి వీరేశలింగం రచనలు ఆ యువకుని మనస్సులో సంఘసంస్కరణాభిలాషనూ తెలుగు భాషాభిమానాన్నీ నాటాయి.

చదువు ముగిసిన తరువాత ఆ రోజులలో పట్టభద్రులు సాధారణంగా ప్రభుత్వోద్యోగాన్నో న్యాయవాద వృత్తినో ఆశించేవారు. నాగేశ్వరరావు మనస్సు వ్యాపారంపై నిలిచింది. కలకత్తాలో మందుల వ్యాపారపు మెలకువలు నేర్చుకొని బొంబాయి చేరారు. అక్కడ 1893లో అమృతాంజనం అనే నొప్పి నివారణ లేపనాన్ని తయారుచేసి అమ్మకం ప్రారంభించారు. కొత్త వస్తువును జనం నమ్మడం కష్టం. సంగీత సభలకు వచ్చినవారికి ఆ లేపనాన్ని ఉచితంగా పంచి, దాని గుణాన్ని వారే పరీక్షించి తెలుసుకొనేలా చేశారు. కొద్దికాలంలోనే ఆ పసుపుపచ్చని లేపనం దేశమంతటా ఇంటింటి మందు అయింది. ఆ వ్యాపారంలో వచ్చిన ధనాన్ని ఆయన స్వంత భోగానికి దాచుకోలేదు. తరువాతి జీవితమంతా అది పత్రికలకూ పుస్తకాలకూ ప్రజాకార్యాలకూ ధారాళంగా ప్రవహించింది.

1907లో సూరత్ నగరంలో జరిగిన కాంగ్రెసు మహాసభకు నాగేశ్వరరావు హాజరయ్యారు. మితవాదులూ అతివాదులూ ఒక నిర్ణయానికి రాలేక, సభ గందరగోళంలో ముగిసి, కాంగ్రెసు రెండుగా చీలిన సందర్భమది. దేశమంతటి మేధావులు ఒకచోట చేరినా, పరస్పర విశ్వాసం లోపిస్తే సభ ఎలా భగ్నమవుతుందో అక్కడ చేరినవారందరికీ తెలిసివచ్చింది. జాతీయోద్యమ భావాలను తెలుగువారికి చేరవేయగల బలమైన పత్రిక లేదన్న కొరత నాగేశ్వరరావుకు అప్పుడే స్ఫురించింది. మరుసటి సంవత్సరం, 1908లో, బొంబాయి నుండి ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించారు. తెలుగు ప్రాంతానికి అంత దూరాన తెలుగు పత్రికను అచ్చువేసి నడపడం సాహసమే. 1914లో పత్రికను మద్రాసుకు తరలించి దినపత్రికగా మార్చారు.

ఆనాటి మద్రాసు రాజధానిలో తెలుగువారు ఉత్తరాన గంజాం మొదలు పడమట బళ్లారి వరకు చెదరి ఉన్నారు. ఒక జిల్లావారికి మరొక జిల్లావారి కష్టసుఖాలు తెలిసే సాధనాలు తక్కువ. వారందరూ ఒకే వార్తను ఒకే భాషలో చదివే అవకాశాన్ని ఆంధ్రపత్రిక కల్పించింది. 1924లో ఆయన స్థాపించిన భారతి మాసపత్రిక సాహిత్య పరిశోధనలకు ఆటపట్టయింది. 1926లో ఆంధ్ర గ్రంథమాలను ప్రారంభించి, సామాన్యులకు అందుబాటు ధరలో ఉత్తమ గ్రంథాలను ప్రచురించారు. కొమర్రాజు లక్ష్మణరావు 1923లో మరణించడంతో ఆగిపోయిన విజ్ఞాన సర్వస్వ కృషిని మళ్లీ చేపట్టారు. గ్రంథాలయోద్యమానికి అండగా నిలిచారు. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘానికి అధ్యక్షత వహించారు. ఉప్పు సత్యాగ్రహ కాలంలో కారాగారవాసం అనుభవించారు. ప్రజలు ఆయనను దేశోద్ధారకుడని పిలుచుకొన్నారు. 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది.

ఇంతటి కీర్తిమంతుని గృహంలో 1937లో ఎందుకు చర్చలు జరపవలసి వచ్చిందో తెలియాలంటే, అంతకు పాతికేళ్ల ముందు మొదలైన కథను తెలుసుకోవాలి.

1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రం కావాలన్న ప్రతిపాదన ఆ సభలో చర్చకు వచ్చింది. కృష్ణా, గుంటూరు జిల్లాల ప్రతినిధులు ఉత్సాహం చూపారు. మిగిలిన ప్రాంతాల ప్రతినిధులలో పలువురికి సందేహాలున్నాయి. ఓటు పెట్టి గెలవడం సాధ్యమైనా, ఆ గెలుపు సభను చీల్చేది. అందువల్ల తుది నిర్ణయాన్ని వాయిదా వేసి, ముందుగా ప్రజాభిప్రాయాన్ని కూడగట్టాలని నిశ్చయించారు. మరుసటి సంవత్సరం విజయవాడలో జరిగిన సభలో ప్రత్యేక రాష్ట్ర తీర్మానం ఆమోదం పొందింది. అయితే తీర్మానం నెగ్గినంత మాత్రాన సందేహాలు తీరలేదు.

ఆ సందేహాలు ఊరకే పుట్టినవి కావు. 1800లో నిజాం ఆంగ్లేయులకు అప్పగించిన కడప, కర్నూలు, అనంతపురం, బళ్లారి ప్రాంతాలను చాలాకాలం దత్తమండలాలని వ్యవహరించేవారు. 1928లో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు సూచించిన రాయలసీమ అన్న పేరు స్థిరపడింది. ఈ సీమ తరచు కరువుకు గురయ్యేది. కోస్తాలో 1852లో గోదావరి ఆనకట్ట, 1855లో కృష్ణా ఆనకట్ట వచ్చిన తరువాత డెల్టా ప్రాంతం ధనధాన్యాలతో, విద్యతో ముందుకు సాగింది. రాష్ట్రం ఏర్పడితే పదవులు, కళాశాలలు, నదీజలాలు అన్నీ అధికసంఖ్యాకులైన డెల్టావారికే దక్కుతాయేమోనని సీమవారు భయపడ్డారు. మద్రాసు ప్రభుత్వం దూరమైనదే. కాని కొత్త ప్రభుత్వంలో తాము శాశ్వతంగా అల్పసంఖ్యాకులమవుతామన్న బెంగ వారిని వెనుకకు లాగింది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం స్థాపించినప్పుడు దాని కేంద్రం ఎక్కడ ఉండాలన్న వివాదం ఈ అపనమ్మకాన్ని మరింత పెంచింది. అనంతపురంలో ఉండాలన్న సీమవారి కోరిక నెరవేరలేదు. చివరకు విశ్వవిద్యాలయం వాల్తేరులో స్థిరపడింది.

ఈ భయం రాయలసీమకే పరిమితం కాలేదు. నెల్లూరు జిల్లా సముద్రతీరాన ఉన్నా, దాని పరిస్థితి కృష్ణా గోదావరి డెల్టాల వంటిది కాదు. కావలి తాలూకానే తీసుకొంటే, తూర్పున బంగాళాఖాతం, పడమట ఉదయగిరి వైపు విస్తరించిన మెట్ట నేలలు. అక్కడి రైతు ఈశాన్య రుతుపవనం తెచ్చే వానలకోసం, చెరువులు నిండడంకోసం ఎదురుచూసేవాడు. పెన్నలో నీరున్న ఏడు ఒక తీరు, లేని ఏడు మరొక తీరు. పటంలో చూస్తే కావలి కోస్తాలోనిదే. నీటి విషయంలో దాని దిగులు సీమ దిగులుకే దగ్గర. కోస్తా, సీమ అని రెండుగా గీసిన గీత ఇక్కడి బ్రతుకును సరిగా చెప్పలేదు.

1937 అక్టోబరులో విజయవాడలో ఆంధ్ర మహాసభ రజతోత్సవం జరిగింది. రాయలసీమ నాయకుల సమ్మతి లేనిదే రాష్ట్రోద్యమం ముందుకు సాగదని అప్పటికి అందరికీ స్పష్టమైంది. ఉభయప్రాంతాల మధ్య అవగాహన కుదర్చడానికి ఒక సంఘాన్ని ఏర్పాటు చేశారు. ఆ సంఘం తదుపరి నెలలో శ్రీబాగ్‌లో సమావేశమైంది. కోస్తా వైపు నుండి కొండా వెంకటప్పయ్య, భోగరాజు పట్టాభి సీతారామయ్య, సీమ వైపు నుండి కడప కోటిరెడ్డి, కల్లూరి సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు మొదలైన ప్రముఖులు పాల్గొన్నారు.

గృహస్థు అయిన నాగేశ్వరరావు స్వయంగా డెల్టా బిడ్డ. అయినా ఆయన ఇల్లు ఒక ప్రాంతపు విడిదిగా ఎవరికీ తోచలేదు. ఆయన పత్రిక అన్ని జిల్లాలకూ వెళ్లేది. ఆయన దాతృత్వం ప్రాంతభేదం ఎరుగనిది. వివాదంలో ఉన్నవారు ఒకచోట కూర్చోవాలంటే ఆ చోటుపై ఇరువురికీ నమ్మకం ఉండాలి. ఏళ్ల తరబడి అందరికీ ఇచ్చిన చేయి కనుకనే, ఆనాడు అందరూ వచ్చి ఆ ఇంటి గడప తొక్కగలిగారు.

శ్రీబాగ్‌లో కుదిరిన నియమాలు ముఖ్యంగా నాలుగు విషయాలకు సంబంధించినవి. మొదటిది విద్య. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వాల్తేరుతోపాటు అనంతపురంలోనూ ఒక కేంద్రం ఉండాలి. రెండవది నీరు. రాయలసీమ, నెల్లూరు ప్రాంతాలు తక్కిన కోస్తా జిల్లాల స్థాయికి చేరేవరకు, పదేళ్లపాటు, అవసరమైతే అంతకంటే ఎక్కువ కాలం, తుంగభద్ర, కృష్ణ, పెన్న జలాల వినియోగంలో వాటికే ప్రాధాన్యం ఇవ్వాలి. మూడవది శాసనసభ. సాధారణ స్థానాలను జనసంఖ్యను బట్టి కాక, జిల్లాకు సమానంగా కేటాయించాలి. నాలుగవది పరిపాలన కేంద్రాలు. విశ్వవిద్యాలయం, రాజధాని, ఉన్నత న్యాయస్థానం ఒకేచోట చేరకూడదు. విశ్వవిద్యాలయం ఉన్నచోటనే ఉండగా, తక్కిన రెంటిలో ఒకటి కోస్తాలో, ఒకటి సీమలో ఏర్పడాలి. వాటిలో దేనిని కోరుకోవాలో ఎంచుకొనే హక్కు రాయలసీమది.

ఈ నియమాలను పరిశీలిస్తే ఒక సూక్ష్మం బోధపడుతుంది. ప్రతి నియమం వెనుకా ఒక భయం ఉంది. చదువు దూరమవుతుందన్న భయానికి అనంతపురం కేంద్రం సమాధానం. కరువు తీరదన్న భయానికి నీటి ప్రాధాన్యం సమాధానం. సభలో తమ మాట చెల్లదన్న భయానికి సమాన స్థానాలు సమాధానం. జనసంఖ్యలో పెద్దవారు తమ సంఖ్యాబలాన్ని కొంత వదులుకొన్నారు. చిన్నవారు రాష్ట్రానికి తమ వ్యతిరేకతను వదులుకొన్నారు. ఎవరూ కోరినదంతా పొందలేదు. ఎవరూ అవమానంతో లేచి వెళ్లలేదు. నీటి నియమంలో సీమ సరసన నెల్లూరు పేరు చేరడం వల్ల, ఆ గదికి చాలా దూరంలో చెరువు కట్టపై నిలిచి మబ్బులవైపు చూసే కావలి రైతు అవసరానికి కూడా ఆ కాగితంలో చోటు దక్కింది.

ఒడంబడికలోని మరొక నిబంధన అన్నిటికంటే గమనింపదగినది. ఈ షరతులను ఉభయుల సమ్మతితో మార్చుకోవచ్చునని అందులోనే చేర్చారు. కాలం మారినప్పుడు మాట కూడా మారవలసి రావచ్చు. అయితే ఏ పద్ధతిలో ఒప్పుకొన్నారో ఆ పద్ధతిలోనే మార్చుకోవాలి. ఒక పక్షం తనంతట తాను సడలించుకొనే వీలు లేకుండా చేయడమే ఆ నిబంధన అంతరార్థం.

శ్రీబాగ్ సమావేశం ముగిసిన అయిదు నెలలలోపే, 1938 ఏప్రిల్ 11న, నాగేశ్వరరావు కన్నుమూశారు. ఏ రాష్ట్రంకోసం ఆ చర్చలు జరిగాయో ఆ రాష్ట్రాన్ని ఆయన చూడలేదు. అదే సంవత్సరం మద్రాసు శాసనసభ భాషాప్రయుక్త రాష్ట్రాలను కోరుతూ తీర్మానించింది. బ్రిటిష్ ప్రభుత్వం అందుకు అంగీకరించలేదు. స్వాతంత్ర్యానంతరం కూడా జాప్యం కొనసాగింది. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు నిరాహారదీక్షలో ప్రాణత్యాగం చేసిన పిదప, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. కర్నూలు రాజధాని అయింది. 1954లో ఉన్నత న్యాయస్థానం గుంటూరులో ఏర్పడింది. విశ్వవిద్యాలయం వాల్తేరులోనే ఉంది. శ్రీబాగ్‌లో తలచినట్లుగా మూడు కేంద్రాలు మూడు చోట్ల నిలిచాయి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, రాజధానీ ఉన్నత న్యాయస్థానమూ హైదరాబాదుకు చేరడంతో ఆ అమరిక ముగిసింది.

మిగిలిన నియమాల గతి వేరు. జిల్లాకు సమాన స్థానాలన్న మాట ఆచరణలోకి రాలేదు. జనసంఖ్యను బట్టి నియోజకవర్గాలను ఏర్పరచడం రాజ్యాంగ పద్ధతి అయింది. నీటి ప్రాధాన్యం సరిగా అమలు కాలేదన్న ఆవేదన రాయలసీమలో తరతరాలుగా వినిపిస్తూనే ఉంది. 2014లో రాష్ట్రం విడిపోయి రాజధాని ప్రశ్న మళ్లీ తలెత్తినప్పుడు శ్రీబాగ్ పేరు మరల చర్చలలోకి వచ్చింది.

ఈ అనుభవం నుండి ఏకాభిప్రాయ పద్ధతి బలమూ బలహీనతా రెండూ గ్రహించవచ్చు. పాతికేళ్లుగా తెగని ముడిని అది విప్పింది. బలవంతం లేకుండా రెండు ప్రాంతాలను ఒక ఉద్యమంలో నిలిపింది. కాని నాయకుల మధ్య కుదిరిన మాటకు చట్టబలం లేదు. అమలును ఎవరు పర్యవేక్షించాలో, మాట తప్పితే ఎవరిని అడగాలో అందులో స్పష్టంగా లేదు. పైగా ఆ గదిలో కూర్చున్నవారు కొద్దిమంది నాయకులు. ఎవరి నీటికోసం, ఎవరి చదువుకోసం మాట్లాడారో ఆ రైతులూ విద్యార్థులూ స్త్రీలూ అక్కడ లేరు. సమ్మతి కుదర్చడం సగం పని. కుదిరిన సమ్మతిని కాపాడుకోవడం తక్కిన సగం. మొదటి సగానికి ఓర్పు చాలు. రెండవ సగానికి నియమబద్ధమైన వ్యవస్థ కావాలి.

సోమశిల వద్ద పెన్నపై జలాశయ నిర్మాణం 1975లో మొదలైంది. ఇప్పుడు సంగం వద్ద పెన్న నుండి బయలుదేరే కావలి కాలువ ఆ ప్రాంతపు చెరువులకు నీరందిస్తుంది. ఆ నీరు ఎవరికి ముందు, ఎవరికి తరువాత అన్నది ఏటా తేల్చుకోవలసిన ప్రశ్న. పైభాగపు రైతూ చివరి భూముల రైతూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోక తప్పదు. కాలువ చివరనున్నవారు ఎప్పుడూ తక్కువమందే. చేతులు లెక్కపెడితే వారికి నీరు అందదు. వారి మాట విని, వారు ఒప్పుకొనే వంతు కుదిర్చినప్పుడే తూము వద్ద తగవు ఆగుతుంది.

మైలాపూరులోని లజ్ ప్రాంతంలో నాగేశ్వరరావు పేరిట ఒక ఉద్యానవనం ఉంది. ఆయన స్థాపించిన పత్రికలు కాలగర్భంలో కలిసిపోయాయి. ఆయన తయారుచేసిన లేపనం నేటికీ అంగళ్లలో దొరుకుతుంది. వీటన్నిటితోపాటు ఆయన తెలుగువారికి మిగిల్చినది మరొకటి ఉంది. పోట్లాడుకొంటున్నవారు జంకు లేకుండా వచ్చి కూర్చోగల ఇల్లు ఒకటి ఊరికి ఉండాలన్న ఆదర్శమే అది. అటువంటి ఇంటిని ఇటుకలతో కట్టలేము. ఒక మనిషి జీవితకాలమంతా సంపాదించుకొన్న నమ్మకమే దానికి పునాది.